చలి దేశానికి వెళ్లేవారి చేతులు జాగ్రత్త!

మన సంఘాలలో అనేక కుటుంబాల పిల్లలు అమెరికాలో, కెనడాలో ఉంటున్నారు. చదువుకు వెళ్లేవారిలో కొందరికి తరగతులు జనవరిలోనే మొదలవుతాయి. కూతురి కాన్పుకు సాయంగా నడి చలికాలంలో బయలుదేరే తల్లులూ ఉన్నారు. పెట్టెలో ఆవకాయ, పొడులు, మందులు, బైబిలు అన్నీ సర్దుతాం. స్వెట్టరు కూడా మరచిపోం. చేతుల సంగతి మాత్రం చాలామందికి గుర్తు రాదు.

షికాగో నగరాన్నే తీసుకోండి. 2019 జనవరి 30న అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అంత చలి రోజూ ఉండదు. కానీ మైనస్ 18 డిగ్రీల దగ్గర గంటకు 24 కిలోమీటర్ల వేగంతో గాలి వీచినా, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. బస్సు ఆలస్యమైతే అరగంట ఎంతసేపు?

చలి వేసినప్పుడు మన శరీరం గుండె, ఊపిరితిత్తుల వంటి ముఖ్య అవయవాలకు వెచ్చదనం దాచుకుంటుంది. అందుకోసం వేళ్లలోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి. కాబట్టి వేళ్లకే ముందుగా ముప్పు.

ఎలాంటివి కొనాలి?

ఒకే దళసరి గ్లౌజుల కంటే రెండు పొరలు మేలు. లోపల పలుచని ఉన్నివి, పైన గాలీ తడీ చొరనివి వేసుకోవాలి. నూలువి వద్దు, తడిస్తే అవి చల్లబడిపోతాయి. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. బాగా చలి ఉన్న రోజున, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ ఇంకా మంచివి. వేళ్లు ఒకదానినొకటి వెచ్చబరచుకుంటాయి.

ఆఫీసుకు, ఆరాధనకు అందంగా కనబడాలంటే లోపల ఉన్ని లైనింగు ఉన్న తోలు గ్లౌజులు చూడండి. నలుపు, ముదురు గోధుమ రంగులు దాదాపు ఏ కోటుకైనా నప్పుతాయి. యౌవనస్థులు అందం చూస్తే తప్పు పట్టకండి. నచ్చని గ్లౌజులు జేబులోనే ఉండిపోతాయి, జేబులో ఉన్నవి చేతిని కాపాడవు. ఫోను కోసం మాటిమాటికీ తీయకుండా, వేలి కొనలతో తెర పనిచేసే రకం కూడా దొరుకుతుంది.

సైజు కోసం బొటనవేలు వదిలి అరచేతి చుట్టూ టేపుతో కొలవండి. బిగుతైతే రక్తప్రసరణ తగ్గుతుంది. వేలి కొనల దగ్గర కాస్త ఖాళీ ఉండాలి. మణికట్టు కోటు చేతి కిందికి దాగాలి. విమానం దిగిన రోజుకు ఇక్కడ టిబెట్ వారి స్వెట్టర్ల దుకాణంలో ఒక ఉన్ని జత కొనుక్కోండి. అసలైన జతను అక్కడికి వెళ్లాక తొడిగి చూసి కొనుక్కోవడం మంచిది. తడిసిన తోలును హీటరు మీద ఆరబెట్టకండి, బిరుసెక్కి పగిలిపోతుంది.

ఎవరు మరీ జాగ్రత్తగా ఉండాలి?

షుగరు వ్యాధి వలన గాని, కుష్ఠు వ్యాధి వలన గాని చేతుల్లో స్పర్శ తగ్గినవారికి చలి కొరుకుతున్నా తెలియదు. వీరు బయట ఉన్నప్పుడు మధ్యమధ్య వేళ్లను కళ్లతో చూసుకోవాలి. పొగ త్రాగేవారికి కూడా ప్రమాదం ఎక్కువ. కొన్ని బి.పి. మాత్రల వలన చేతులు చల్లబడతాయి. అలాగని మాత్రలు మానకండి, ప్రయాణానికి ముందే డాక్టరుగారిని అడగండి.

వేళ్లు మొద్దుబారితే

మొదట సూదులు గుచ్చినట్లుంటుంది, తరువాత నొప్పే తెలియదు. చర్మం పాలిపోయి, గట్టిగా మైనంలా అవుతుంది. మన చామనచాయ చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు గనుక ఈ మొద్దుబారడాన్నే గుర్తుగా తీసుకోవాలి. వెంటనే లోపలికి వెళ్లి ఉంగరాలు తీసేయండి. 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో చేతులు ఉంచండి. నీటి వేడిని స్పర్శ ఉన్న మరొకరు చూడాలి. రుద్దవద్దు, మంట దగ్గర కాచవద్దు. మళ్లీ చలిలోకి వెళ్లవలసి ఉంటే అప్పుడే కరిగించవద్దు, రెండోసారి గడ్డకడితే హాని ఎక్కువ. బొబ్బలు వచ్చినా, స్పర్శ తిరిగి రాకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేళ్లు తీసివేయవలసి రావచ్చు.

బిడ్డను సాగనంపే రోజున ప్రార్థన చేసి పంపుతాం. ఆ ప్రార్థనతో పాటు పెట్టెలో ఒక జత గ్లౌజులు కూడా ఉంచుదాం. ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక.