క్రీక్ అంటే వాగేనా?

నేపర్‌విల్ నడిబొడ్డున పారేది డ్యూపేజ్ నది పడమటి పాయ. ఇక్కడ మా ఆదివారం తెలుగు తరగతిలో ఒకరోజు ‘క్రీక్’ అనే మాట వచ్చింది. నేను బోర్డు మీద ‘వాగు’ అని రాశాను. అమెరికాలో క్రీక్ అంటే చిన్న ఏరే కదా!

ఇంగ్లండులో ఆ మాటకు అర్థం వేరు. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నని పాయ అది. పోటుకు నిండుతుంది, ఆటుకు తగ్గుతుంది. దుబాయ్ క్రీక్ అలాంటిదే. అలాంటి దానికి మనకు చక్కని మాట ఉంది: ఉప్పుటేరు. కొల్లేరు నీళ్లను సముద్రంలో కలిపే ఏటి పేరే ఉప్పుటేరు. మరి మన డ్యూపేజ్ కౌంటీలో పారే సాల్ట్ క్రీక్‌ను ఉప్పుటేరు అనొచ్చా? మాటకు మాట సరిపోయింది. కానీ ఇల్లినాయ్‌లో సముద్రమేదీ?

క్రీక్‌కు మూలం పాత నార్స్ భాషలో మూల, ఒంపు అనే అర్థమున్న మాట అంటారు. మన ‘వంక’ చూడండి. నెలవంక అంటే ఒంపు; వాగులూ వంకలూ అంటే నీళ్లు. రాయలసీమలో ఇది రోజూ వినబడే మాట. (పెళ్లిళ్లలో మనవాళ్లు పెట్టే వంకలు వేరే సంగతి.)

అప్పుడు ఒకమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ల కుటుంబం డర్బన్ నుంచి వచ్చింది. “టీచర్‌గారూ, మా అవ్వ గెడ్డ అనేది.” గడ్డ అనబోయి అలా అందేమోనని దిద్దబోయాను. తప్పు నాదే. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. విశాఖ దగ్గర మేఘాద్రి గెడ్డ జలాశయం ఉంది కూడా.

1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 దాకా నేటాల్‌కు కూలీల ఓడలు నడిచాయి. వాటిలో విశాఖపట్నం జిల్లావాళ్లూ వెళ్లారు. ఓడ జాబితాల్లో ఊరు, జిల్లా రాసేవారు. కానీ ఆ అమ్మాయి ఇంట్లో కాగితమేదీ మిగల్లేదు, ముత్తాత కూలీ నంబరూ ఎవరికీ గుర్తులేదు. ఒక్క మాటతో ఊరు తేలదు. అయినా ఏ జిల్లా పేర్లు ముందు వెతకాలో ఇప్పుడు వాళ్లకు తెలిసింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చిన్న ఏటిని ఏమనేవారు? అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకోండి. నాలాగా దిద్దబోకండి.