సీటు కోసం వస్తే... మేష్టార్ని చేశారు!

1919వ సంవత్సరం. విజయనగరంలో కొత్తగా సంగీత కళాశాల పెట్టారు. ఆ సంగతి తెలిసి ఓ యువకుడు ఫిడేలు పట్టుకుని అక్కడికి వచ్చాడు. వయసు పాతికేళ్లు దాటింది. కంటిచూపు అంతంతమాత్రం. ఆ చూపు మూలంగానే చిన్నప్పుడు స్కూలు చదువు మధ్యలో ఆగిపోయింది. చేతిలో సర్టిఫికెట్లేవీ లేవు. విద్యార్థిగా చేర్చుకుంటే చాలనుకున్నాడు.

వాయించమన్నారు. వాయించాడు. విన్నాక సీటు ఇవ్వలేదు... ఉద్యోగం ఇచ్చారు! ఈ అబ్బాయి ఇక్కడ నేర్చుకోవడం కాదు, పదిమందికీ నేర్పాలని తేల్చేశారు. ఆ యువకుడే ద్వారం వెంకటస్వామి నాయుడు. అలా 26వ ఏట ఆయన ఫిడేలు ఆచార్యుడయ్యాడు.

ఇప్పుడైతే ఇది కుదిరే పనేనా? అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీ ఉండాలి, ఆపైన నెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. సంగీతం, నాట్యం లాంటి వాటికి మాత్రం 2018 నాటి యూజీసీ నిబంధనలు పక్కతలుపు ఒకటి తెరిచి ఉంచాయి. గురువుల దగ్గర నేర్చుకుని పేరు తెచ్చుకున్న కళాకారులు పీజీ లేకున్నా అందులోంచి రావచ్చు. కానీ 1919 నాటికి నాయుడుగారికి చెప్పుకోదగ్గ పేరు కూడా లేదే!

అంధుడైన పిల్లాడి కోసం...

అసలు ఆ కాలేజీ పుట్టుకే చిత్రం. విజయనగరం సంస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు గంగబాబుకు చూపు లేదు. సంగీతమంటే మాత్రం ప్రాణం. ఆ పిల్లాడికి సంగీతం నేర్పించే దారి ఏమిటన్న ఆలోచన విజయరామ గజపతిరాజు చెవిన పడింది. ఒక్కడి కోసం ఓ గురువును పెట్టి ఊరుకోవచ్చు. రాజావారు అలా చేయలేదు. 1919 ఫిబ్రవరి 5న ఏకంగా పాఠశాలనే తెరిచారు. గాత్రం, వీణ, ఫిడేలు, మృదంగం... అన్నీ అందులోనే.

తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గరి అజ్జాడ ఆయన సొంతూరు. కాళ్లకు గజ్జె కట్టి, చిడతలు పట్టి హరికథ చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చేవి. అప్పటికే ఆయనకు 50 ఏళ్లు దాటాయి. మామూలుగా ప్రిన్సిపాలంటే రిజిస్టర్లు, సెలవు చీటీలు గుర్తొస్తాయి. దాసుగారు ఆ కుర్చీలో ఉండగానే ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లిషు నుంచీ సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. 1932లో ఆ పుస్తకం వచ్చింది. అలాంటి మనిషి ఎదుట కూర్చుని ఫిడేలు వాయించి మెప్పించడం తేలికేం కాదు!

అంతకుముందు సంగీతం నేర్చుకోవాలంటే గురువు ఇంటికి చేరాల్సిందే. నీళ్లు మోసి, బట్టలుతికి, ఆయనకు మనసైనప్పుడు చెప్పింది పట్టుకోవాలి. ఏళ్లు గడిచిపోయేవి. కులం, చుట్టరికం అడ్డొచ్చేవి. కాలేజీ వచ్చాక వేళకి క్లాసు, ఏడాదికో పరీక్ష, చివర్లో పట్టా. అయితే దానికీ ఓ తంటా ఉంది. తోడి మంచి ఊపు మీదుండగా గంట కొడితే ఏం చేయాలి? సంగీతం మేష్టార్లకు ఈ చిక్కు ఎప్పుడూ ఉన్నదే.

మేష్టార్ల విషయంలో విజయనగరం ముందునుంచీ అదృష్టమున్న ఊరు. రాజావారి కాలేజీలోనే చదువుకున్న గురజాడ అప్పారావు, అక్కడే లెక్చరరుగా పనిచేశారు. ఆయన 'కన్యాశుల్కం' 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడింది. గురజాడకు చదువుల నాటి స్నేహితుడు, శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి. ఆయన పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడి నడిపారు. సర్కారు పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారు. జమీందార్ల జీతం మీద బతికిన మేష్టార్లు వీళ్లంతా. జీతమిచ్చే చెయ్యి మంచిదైతే ఫర్వాలేదు, కాకపోతే? ఆ భయమూ ఉండేది మరి.

ఫిడేలు నాయుడుగారు

ద్వారం వారు ఆ ఉద్యోగాన్ని మెట్టుగా వాడుకుని మద్రాసు వెళ్లిపోలేదు. విజయనగరంలోనే పాఠాలు చెప్పారు. పాశ్చాత్య విద్వాంసుల గ్రామఫోను రికార్డులు శ్రద్ధగా వినేవారు. కమాను పట్టులో, లాగే తీరులో వాళ్ల దగ్గరున్న మెలకువలను మన గమకాలకు అనువుగా మలుచుకున్నారు. అప్పటిదాకా ఫిడేలు అంటే గాత్రానికి పక్కవాద్యమే. నాయుడుగారు 1938లో వెల్లూరులో ఒంటరిగా ఫిడేలు కచేరీ చేశారు. పాటగాడు లేకుండా ఫిడేలొక్కటే సభను కూర్చోబెట్టింది.

1936లో దాసుగారు తప్పుకున్నాక ప్రిన్సిపాలు కుర్చీ ఆయనకే వచ్చింది. సీటు అడగడానికి వచ్చిన మనిషి, 17 ఏళ్లకు అందరికీ సీట్లిచ్చే మనిషయ్యాడు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధిని చేసింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1952లో మద్రాసు వచ్చిన యెహూది మెనుహిన్ ఆయన ఫిడేలు ప్రత్యేకంగా విన్నాడు.

జోలె పట్టిన విద్యార్థి

నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లోనే కృష్ణా జిల్లా చౌటపల్లి నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. తండ్రి లేడు. వేలికున్న ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో రైలెక్కాడు. తీరా చూస్తే కాలేజీకి వేసవి సెలవులు! తలదాచుకోవడానికి నాయుడుగారు కాలేజీలోనే చోటిచ్చారు. మరి తిండో? జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం తెచ్చుకునేవాడు. రాజావారి కాలేజీ చదువిచ్చింది, అన్నం మాత్రం ఊళ్లోని ఇల్లాళ్లు పెట్టారు. ఈ రెండో లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఆ కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. అతన్ని చేరదీసినవారు గాత్రం మేష్టారు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చినగురువుగారంటే అందరికీ తెలుసు. గంట కొట్టగానే పాఠం ముగించే మనిషి కాదాయన. శిష్యుడి ఆకలీ, చదువూ రెండూ తనవే అనుకున్నారు. నాలుగేళ్ల కోర్సును ఘంటసాల రెండేళ్లలో పూర్తిచేశాడు. పట్టా చేతికొచ్చాక సొంతూరు వెళ్లి, ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో పాడుతూ తనూ సంగీతం పాఠాలు చెప్పాడు. సినిమా అవకాశాలు ఆ తర్వాతి సంగతి.

విజయనగరం అమ్మాయి పి.సుశీల కూడా ఈ కాలేజీలోనే డిప్లొమా చేశారు. ఆమెకు నేర్పినవారు ద్వారం భావనారాయణరావు. వెంకటస్వామి నాయుడుగారి అబ్బాయే. తర్వాత ఆయనా ఇదే కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల, సుశీల కలిసి పాడిన యుగళగీతం ఎప్పుడు రేడియోలో వచ్చినా, ఒకే కాలేజీ గొంతులు రెండు వినిపిస్తున్నట్టే!

సంస్థానాలు పోయాయి. కాలేజీ సర్కారు చేతికి వచ్చింది. 2019లో నూరేళ్లు పూర్తయ్యాయి.

చినగురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు కూడా పెద్ద విద్వాంసుడే. ఆయన తర్వాత మద్రాసు చేరారు. తండ్రి దగ్గర పాఠం నేర్చుకున్న ఘంటసాల పక్కన హార్మోనియం పట్టి, 1974లో ఆయన కన్నుమూసేదాకా ఏళ్ల తరబడి సినిమా సంగీతంలో తోడుగా ఉన్నారు.