పిండి కాదు, తురుము రావాలి

నిజ్వా కోట తలుపుల నగిషీలు చూశాక నా చిన్న సీఎన్‌సీకి పాత మోటారు తీసి 65 మి.మీ. రౌటర్ బిగించాను (నెట్‌వర్కుది కాదండోయ్, చెక్క కోసేది!). బలంతోపాటు దుమ్మూ పెరిగింది. రౌటర్ ఫ్యాను గాలిని కిందికే ఊది పొడిని గదంతా చల్లుతుంది.

వాక్యూమ్ కొనేముందు లెక్క చూసుకోవాలంటాను. నిమిషానికి 1800 మి.మీ. జరిగే రెండంచుల బిట్టు 18000 చుట్లు తిరిగితే ఒక్కో కోత 0.05 మి.మీ.; 10000 చుట్లయితే 0.09. కోత మందమైతే తురుము వస్తుంది, బరువుకి సైక్లోన్ బక్కెట్లో పడుతుంది. పల్చనైతే పిండి, ఫిల్టరునీ ఊపిరితిత్తుల్నీ వెతుక్కుంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇక్కడి పొడిగాలికి ప్లాస్టిక్ గొట్టంలో స్టాటిక్ పుడుతుంది; రాగితీగ చుట్టి ఎర్తు చేశాను. ఎండీఎఫ్ మాత్రం ఎలా కోసినా పిండే. దానికి మాస్కు తప్పదు.