వైకుంఠం తరువాత మెట్టు ఏది?

గడచిన ముక్కోటి ఏకాదశి రాత్రి మా ఆలయ మండపంలో జాగరణకు వచ్చిన పిల్లల ముందు వైకుంఠపాళి పటం పరచి, గవ్వలు చేతికిచ్చాను. పదకొండేళ్ల బాలుడొకడు రెండుమార్లు పెద్దపాము నోట పడి, మూడవమారు నిచ్చెనలెక్కి పరమపదం చేరాడు. చేరినవాడు పటం అంచు వైపు వెదకి చూస్తూ "తాతగారూ, తరువాతి లెవెల్ ఏది?" అని అడిగాడు. వైకుంఠం చేరాక ఇంకేముంటుంది నాయనా, ఆట అయిపోయింది అన్నాను. వాడు తెల్లబోయి నా ముఖం చూశాడు.

పాఠక మహాశయులారా! ఆ పసివాని ప్రశ్నకు నవ్వి ఊరుకోవచ్చును. కానీ వాడెరిగిన ఆటలలో చాలావాటికి చివర అనేది లేదు. ఒక మెట్టు దాటితే మరొకటి కనబడుతుంది. ఈ రోజు ఆడితే ఒక బహుమానం, రేపు కూడా వస్తే ఇంకొంచెం పెద్ద బహుమానం. ఆడేవాడు లేచి వెళ్లిపోకుండా ఉండేటట్లు వాటిని కూర్చారు.

పరులను అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి. 2020లో ఆలయాలలో భక్తులకు ప్రవేశం లేక, స్వామికి ఏకాంతంగానే కైంకర్యాలు జరిపిన రోజులలో, నా పారాయణకు భంగం కలుగరాదని మనవడి చేతికి ఫోను ఇచ్చినవాడను నేనే. కొన్నాళ్లకు వాడు నాకు రంగుబిళ్లలను వరుసలుగా కూర్చే ఆట ఒకటి నేర్పాడు. అందులో మనకు ఐదు ప్రాణాలుంటాయి. ఐదూ పోతే ఆట ఆగుతుంది. అరగంట ఓర్చుకుంటే ఒక ప్రాణం తిరిగి వస్తుంది. ఓర్వలేనివారు డబ్బిచ్చి కొనుక్కోవచ్చును. నేను కొనలేదు. కానీ ఆ అరగంటా జపానికి కూర్చుని, వేళ్లు మాల తిప్పుతుండగా, ప్రాణం వచ్చిందా లేదా అని లెక్క పెట్టుకున్నాను. ఒకనాటి సాయంసంధ్య బాగా చీకటి పడిన తరువాత వార్చవలసి వచ్చింది. కాలాతీత ప్రాయశ్చిత్తార్ఘ్యం విడుస్తుంటే, చెంబులోని నీటిలో నా ముఖం చూడడానికి సిగ్గు వేసింది.

ఈ స్థితి ఋషులు ఎరుగనిది కాదు. ఋగ్వేదం పదవ మండలంలో ముప్పై నాల్గవ సూక్తాన్ని అక్షసూక్తం అంటారు. పదునాలుగు మంత్రాలు. వాటిలో ఎక్కువభాగం మాట్లాడేది జూదరియే. నాడు పాచికలుగా వాడినవి తానికాయలు; త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికలతో పాటు మన ఇళ్లలోకి వచ్చే ఆ తానికాయలే. తనను ఏనాడూ నొప్పించని భార్యను వాటి కోసం దూరం చేసుకున్నానని అతడు వాపోతాడు. అత్తగారు ద్వేషిస్తుంది. తల్లిదండ్రులు, సోదరులు వీడెవడో మాకు తెలియదంటారు. ఇక ఆడరాదని నిశ్చయించుకుంటాడు. కాయలు పలకపై పడిన చప్పుడు వినగానే ఆ నిశ్చయం కరగిపోతుంది. ఫోను మోగినపుడు మన పిల్లల చెవులు ఎలా నిక్కుతాయో చూసినవారికి ఈ మంత్రానికి భాష్యం అక్కరలేదు. చివరకు సవితృదేవుడు అతనికి చెప్పిన మాట, జూదం మాని పొలం దున్నుకొమ్మని. ఉన్నదానితో తృప్తి పడమని, గోవులూ ఇల్లాలూ అక్కడే ఉన్నారని గుర్తు చేస్తాడు.

భారతంలో నలుని కథలోనూ ఈ చెట్టే వస్తుంది. ఋతుపర్ణ మహారాజు దారిలో తానిచెట్టు ఆకులను, కాయలను లెక్కించి చెప్పి, నలునికి అక్షహృదయ విద్యను ఉపదేశించాడు. ఆ విద్య లోపల ప్రవేశించగానే కలి నలుని శరీరం విడిచి ఆ చెట్టులోనే దాగాడు. ఆట లోపలి మర్మం తెలిసిన తరువాతనే కలి వదలడాన్ని గమనించండి. ఇక ధర్మరాజు సంగతి. పోయినదంతా తిరిగి దక్కి ఇంద్రప్రస్థానికి మరలిపోతున్నవాడు, ఇంకొక్క పందెమని కబురు రాగానే వెనుదిరిగి వచ్చాడు. అరణ్యవాసానికి దారి తీసింది ఆ రెండవ జూదం.

నేటి మర్మమూ కొంత చెప్పుకుందాం. కొన్ని ఆటలలో డబ్బిచ్చి కొనే నిధిపెట్టెలుంటాయి. తెరచే వరకు లోపల ఏమున్నదో తెలియదు. ఇది జూదమేనని బెల్జియం దేశపు జూద నియంత్రణ సంఘం 2018లో తేల్చింది. మన దేశంలో డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధిస్తూ చట్టాలు చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టాన్ని ఆమోదించింది. పందెం లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను ఆ చట్టం ప్రోత్సహించదలచింది. అది సబబే. హంపీ ఆలయాల రాతినేలపై నాటివారు చెక్కుకున్న ఆటగళ్లు నేటికీ కనబడతాయి. దైవసన్నిధిలో ఆడుకున్న జాతి మనది. ఆడే ప్రతివాడూ రోగి అని వైద్యులూ అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో 2022 నుండి ఆటల వ్యసనానికి చోటున్నది. తనను తాను ఆపుకోలేకపోవడం, మిగిలిన పనులన్నిటికన్న ఆటే మిన్న కావడం, కీడు కలుగుతున్నా కొనసాగించడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇవి కనబడితేనే ఆ పేరు పెడతారు. అక్షసూక్తం చదివినవారికి ఈ మూడూ పాత పరిచయస్థులే.

మొన్న కార్తికంలో ఒక తల్లి వచ్చి, ఇంటర్ చదివే కుమారునికి ఫోను పిచ్చి వదలడానికి రక్షరేకు కట్టమని ప్రాధేయపడింది. వాడు ఆడేది ఏ ఆట అమ్మా అంటే ఆమెకు తెలియదు. తండ్రికీ తెలియదట. భోజనాల వేళ ఆయన చేతిలోనూ ఒక ఫోను ఉంటుందని కూడా ఆమే చెప్పింది. రక్ష కట్టాను. కానీ అబ్బాయిని ఒకసారి పంపమన్నాను.

వచ్చాడు. తిట్లకు సిద్ధపడి తల వంచుకు కూర్చున్నాడు. నీ ఆట నాకు చూపించవయ్యా అన్నాను. నమ్మలేక చూసి, తరువాత గంటసేపు చెప్పాడు. వాడిది నలుగురి జట్టు. అమ్మ మధ్యలో ఫోను లాక్కుంటే మిగిలిన ముగ్గురినీ యుద్ధంలో విడిచి పారిపోయినట్లవుతుందట, కోపం అందుకు. ఆ మాట వినేవరకు నాకూ తోచలేదు. ఆటకు దాని తయారీదారులు పెట్టని ముగింపును మనమే పెట్టుకోవాలని వాడితో అనుకున్నాం. రాత్రి భోజనానికి ముందు రెండు పందాలు, మొదలుపెట్టిన పందెం మధ్యలో తల్లి ఆపరాదు, మూడవది వాడు మొదలుపెట్టరాదు. భోజనం వేళ నాన్నగారి ఫోను కూడా దేవుని గదిలోనే ఉండాలన్నది వాడు చేర్చిన షరతు. దానికి తండ్రి రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు.

వారంలో నాలుగు రోజులు మాట నిలుస్తున్నదని తల్లి చెబుతున్నది. తక్కిన మూడు రోజులలో ఒకటి రెండు తండ్రి వల్ల తప్పుతున్నవట. వచ్చే ముక్కోటికి మళ్లీ పటం పరుస్తాను. ఈ అబ్బాయి తన జట్టులోని ముగ్గురినీ తీసుకువస్తానన్నాడు. గవ్వలు సరిపోవని ముందే హెచ్చరించాడు. మరో దోసెడు సంపాదించాలి.