ముందు పోయినవాడి మాట

బండ్లమీద ప్రయాణాలు చేసే రోజుల్లో, ఎదురుగా వచ్చే బండివాడు మనకు ఎవరో ఏమో తెలియకపోయినా, "వాగు పొంగింది, జాగ్రత్త!" అని కేకవేసి మరీ పోయేవాడు. ఆకాశమార్గాన పోయేవారికీ ఈ ఆచారం ఉన్నది.

విమానంలో రాడార్ ఉండగా ఒకరి మాటతో పనేమిటని మీరు అడగవచ్చు. రాడార్ వానచినుకులను పసికడుతుంది. మబ్బుతునక లేని నిర్మలాకాశంలో గాలి సుడులు తిరిగితే దానికి కనబడదు. ఆ గాలిలో పడి కుదుపులు తిన్న పైలట్ రేడియోలో చెబితేనే వెనుక వచ్చేవాడికి తెలుస్తుంది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత ఎత్తున, ఏ రకం విమానంలో - ఇవన్నీ చెప్పాలి. పెద్ద విమానాన్ని కాస్త ఊపిన గాలి చిన్నదాన్ని గిరాటు వేయవచ్చును గదా! "ఇక్కడ అంతా ప్రశాంతం" అన్న కబురు కూడా విలువైనదే.

తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను ఆకర్షించింది వారు మాటను తూచే పద్ధతి. కుదుపులను నాలుగు తరగతులు చేశారు. మన మాటల్లో చెప్పాలంటే, లోపల నడవడానికి పెద్ద కష్టం లేకపోతే స్వల్పం. బెల్టు ఒంటిని గట్టిగా పట్టి, నడక కష్టమైతే మధ్యమం. క్షణకాలం విమానం అదుపు తప్పితే తీవ్రం. అదుపుచేయడం దాదాపు అసాధ్యమైతే అతితీవ్రం. "అబ్బో, చెప్పలేను బాబూ!" అంటే అక్కడ చెల్లదు.

అయితే, చెప్పేవాడు చెప్పినంత మాత్రాన సరిపోదు. 1975 జూన్ 24న న్యూయార్కు కెన్నెడీ విమానాశ్రయం దగ్గర ఉరుములతో వాన. ఒక సరకుల విమానం అతికష్టంమీద దిగింది. నేల దగ్గర గాలి భయంకరంగా ఉన్నది, రన్‌వే మార్చండి అన్నాడు దాని పైలట్. కంట్రోలరు దగ్గరి గాలికొలతలో అటువంటి జాడ లేదు. రన్‌వే మార్చలేదు. తరువాత వచ్చిన మరొక విమానం నేలకు కొట్టుకోబోయి, తప్పించుకొని పైకి లేచిపోయింది. ఆ సంగతి వెనుక వస్తున్న ఈస్టర్న్ 66 వారికి అందింది కూడా. అయినా వారు అదే దారిన దిగబోయారు. రన్‌వే చేరకముందే ఆ బోయింగ్ 727 కూలిపోయింది. అందులో ఉన్నవారు 124 మంది. పోయినవారు 113 మంది.

చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు టెట్సుయా ఫుజితా ఈ ప్రమాదాన్ని పరిశోధించాడు. మబ్బులోనుంచి హఠాత్తుగా కిందికి దూకి, నేలను తాకి నలుదిక్కులకు చిమ్మే గాలి ఒకటున్నదని తేల్చాడు. ఆ గాలిని పట్టే ప్రత్యేక రాడార్లు ఇప్పుడు వచ్చాయి. అయినా ముందు పోయినవాడి మాటకు విలువ తగ్గలేదు.

విమానంలో "బెల్టులు కట్టుకోండి" అన్నప్పుడు విసుక్కోకండి. ముక్కూ మొగమూ తెలియని మనిషెవరో మీ మేలుకోరి ఆ హెచ్చరిక పంపి ఉండవచ్చు. దాన్ని చెవిని పెట్టడం మన వంతు.