మీ జ్వరానికి ఏ మందు పనిచేయలేదో ఎవరు రాసుకుంటున్నారు?

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో మీకు నాలుగు రోజులుగా జ్వరం తగ్గడం లేదనుకుందాం. ముందు మెడికల్ షాపులో మాత్రలు, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, ఆపై ల్యాబ్‌లో విడాల్ పరీక్ష. ‘టైఫాయిడ్ పాజిటివ్’ అని చీటీ వస్తుంది. ఐదారు రోజులు యాంటీబయోటిక్ వాడతారు. తగ్గితే సరే. లేదంటే బెంగళూరు, తిరుపతి, వేలూరు బస్సు ఎక్కుతారు.

ఇంత జరిగినా మీ ఒంట్లోని బ్యాక్టీరియా ఏ మందుకు లొంగింది, ఏ మందుకు లొంగలేదన్నది ఎక్కడా నమోదు కాదు. మందులకు లొంగని బ్యాక్టీరియా ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళ్తోందో ప్రపంచమంతా గమనిస్తోంది. ఆ లెక్కలో చిన్న పట్టణాలు కనిపించకపోవడానికి కారణం ఇదే.

దేశాలు దాటినట్టు ఎలా తెలుస్తుంది?

టైఫాయిడ్ బ్యాక్టీరియా విభజన చెందే కొద్దీ దాని జన్యుక్రమంలో చిన్న చిన్న మార్పులు చేరుతుంటాయి. రెండు దేశాల రోగుల్లో ఒకే రకం మార్పులు కనిపిస్తే ఆ బ్యాక్టీరియాలు దగ్గరి చుట్టాలని అర్థం. వాటికి వంశవృక్షం గీస్తే ఏది ఎక్కడి నుంచి వెళ్లిందో తెలుస్తుంది.

ల్యాన్సెట్ మైక్రోబ్ పత్రికలో 2022లో వచ్చిన అధ్యయనం చేసింది ఇదే. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్థాన్‌లలో సేకరించిన 3,489 నమూనాలను 70కి పైగా దేశాల పాత నమూనాలతో పోల్చారు. మందులకు లొంగని రకాలు 1990 నుంచి కనీసం 197 సార్లు దేశాల సరిహద్దులు దాటాయని తేలింది. ఎక్కువ ప్రయాణాలు దక్షిణాసియా దేశాల మధ్యే జరిగాయి. ఇక్కడి నుంచి ఆఫ్రికాకు, బ్రిటన్‌కు, అమెరికాకు వెళ్లినవీ ఉన్నాయి. మీ ప్రాంతం వాళ్లు పెద్ద జబ్బు చేస్తే వెళ్లే వేలూరు సీఎంసీ పరిశోధకులు కూడా ఈ పనిలో పాల్గొన్నారు.

ఇదేదో పరిశోధకుల కాలక్షేపం అనుకోవద్దు. పాకిస్థాన్‌లోని సింధ్ రాష్ట్రంలో 2016లో అప్పటిదాకా వాడిన మందుల్లో చాలావాటికి లొంగని టైఫాయిడ్ బయటపడింది. నోటి ద్వారా వేసుకునే మందుల్లో పనిచేసేదిగా దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ప్రయాణికులతో పాటు ఆ రకం బ్రిటన్, అమెరికాలకూ చేరింది. జలుబు చేసినా మెడికల్ షాపులో మనవాళ్లు అడిగి కొనుక్కునే మాత్ర కూడా ఆ అజిత్రోమైసినే. మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు ఎంతమంది వెళ్లి వస్తుంటారో మీకు చెప్పనక్కర్లేదు. జబ్బు తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో ఈ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

లెక్క ఎక్కడ ఆగిపోతోంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో గ్లాస్ అనే నిఘా వ్యవస్థను మొదలుపెట్టింది. దేశాలు పంపే ల్యాబ్ ఫలితాలను ఇది ఒక చోట చేరుస్తుంది. 2023లో ల్యాబ్‌లో నిర్ధారించిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచవ్యాప్తంగా ఆరింట ఒకటి మందులకు లొంగలేదని, మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో అది మూడింట ఒకటని ఆ సంస్థ చెప్పింది. మన దగ్గర ఐసీఎంఆర్ 2013లో సొంత నెట్‌వర్క్ పెట్టింది. సీఎంసీ అందులో భాగమే.

చిక్కేమిటంటే, ఈ లెక్కలు ప్రధానంగా పెద్ద ఆస్పత్రులవి. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే రెండు మూడు మందులు వాడి వచ్చినవాళ్లు. వాళ్ల అంకెలు చూసి పుంగనూరులో తొలిరోజు జ్వరానికి మందు ఎంచుకోవడం ఎంతవరకు సరైనది?

టీబీ విషయంలో ఈ సమస్య చాలావరకు తీరింది. ప్రభుత్వ కేంద్రంలో మీరు తెమడ ఇస్తే రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో ఉచితంగా పరీక్షిస్తారు. ఫలితం నిక్షయ్ పోర్టల్‌లోకి ఎక్కుతుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులైతే 1950లలోనే చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి టీబీ లెక్క తీశారు. మామూలు జ్వరాలకు అలాంటి ఏర్పాటు లేదు. ఉండాలని అడగడం తప్పేమీ కాదు.

మీరేం అడగాలి?

విడాల్ మీ రక్తంలోని యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది. గతంలో వచ్చిన టైఫాయిడ్ వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. ఏ మందు పనిచేస్తుందో అస్సలు చెప్పదు. ఆ సంగతి చెప్పేది బ్లడ్ కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష. యాంటీబయోటిక్ మొదటి డోసుకు ముందే రక్తం ఇవ్వాలి. మందు పడ్డాక ఇస్తే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఏమీ పెరగలేదని తేల్చడానికి ఐదు రోజుల దాకా పట్టొచ్చు. టైఫాయిడ్ ఉన్నవాళ్లలోనూ నూటికి సుమారు 60 మందిలోనే కల్చర్ దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి నెగెటివ్ వచ్చిందని మీ అంతట మీరే మందు ఆపేయొద్దు. జ్వరం తీవ్రంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా, రక్తం తీసిన వెంటనే డాక్టర్ మందు మొదలుపెడతారు.

కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. మిగతా చోట్ల, మీ ల్యాబ్ కల్చర్ అక్కడే చేస్తుందా, బయటికి పంపుతుందా అని అడగండి. రిపోర్టులో మందుల పేర్ల ఎదురుగా ‘ఎస్’ అని ఉంటే ఆ మందుకు లొంగుతుందని, ‘ఆర్’ అని ఉంటే లొంగదని అర్థం. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. వేలూరు వెళ్లాల్సి వస్తే ఏ మాత్ర ఎన్ని రోజులు వాడారో రాసిన చీటీతో పాటు చూపించండి. ఖాళీ స్ట్రిప్పులున్నా తీసుకెళ్లండి.