ఊలు బుట్టలో ఒక నోటుపుస్తకం

హైదరాబాద్‌లో స్వెటర్ అల్లేవాళ్ళకు దొరికే కాలం చాలా తక్కువ. కార్తీకంలో తెల్లవారుజాము చలి మొదలవుతుంది, సంక్రాంతి దాకా గట్టిగా ఉంటుంది, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. డిసెంబరులో కూడా రాత్రి ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, పగలు 28 దాకా ఎండ కాస్తుంది. సైదాబాద్, చంపాపేట, దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో స్వెటర్ కనబడేది పొద్దున్నే స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల మీద, నడకకు బయల్దేరిన పెద్దవాళ్ళ మీద. పదింటికల్లా అది సంచిలోకి వెళ్ళిపోతుంది. ఫిబ్రవరి దాటాక ఊలు పట్టుకుంటే చేతికి చెమట. అందుకే సగం అల్లిన చెయ్యి, ముప్పావు అల్లిన వీపు భాగం సూదులతో సహా అటక ఎక్కుతాయి. మళ్ళీ దించేది తొమ్మిది నెలల తర్వాత. చలిదేశాల్లో అల్లిక రోజూ సాగే పని, నిన్న ఆపిన చోటు ఇవాళ గుర్తుంటుంది. ఇక్కడ నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉన్నాయి. అల్లిక పుస్తకం, అంటే ఏం అల్లుతున్నామో, ఏ లెక్కతో అల్లుతున్నామో రాసుకునే నోటుపుస్తకం, తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో మంచు కురిసే ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే మన ఊళ్ళో ఉన్నవాళ్ళకే దాని అవసరం ఎక్కువ.

తొమ్మిది నెలల్లో ఏమేం పోతాయో చూడండి. మొదట పోయేది వరసల లెక్క. చంక దగ్గర ఎన్ని కుట్లు తగ్గించామో ఒక చేతికి గుర్తుపెట్టుకుని రెండో చేతికి మరిచిపోతే రెండు చేతులూ జత కుదరవు. తర్వాత పోయేది సూది. అట్టిపెట్టిన పనిలోంచి ఎవరో ఒక సూది లాగి వేరే దానికి వాడుకుంటారు, కుట్లు ఒక పిన్నుకో దారానికో వేలాడుతుంటాయి, ఏ సూదితో అల్లామో చెప్పడానికి సాక్ష్యం ఉండదు. ఊలు చుట్టిన కాగితం చెత్తబుట్టలోకి పోతే లాట్ నంబరు కూడా పోయినట్టే. ఒకే కంపెనీ, ఒకే రంగు నంబరు అయినా అద్దకం లాట్ మారితే రంగులో కొద్దిపాటి తేడా వస్తుంది. దుకాణంలో ట్యూబులైటు కింద ఆ తేడా కనిపించదు. అల్లాక ఎండలో చూస్తే ఛాతీ మీద అడ్డంగా గీత గీసినట్టు తెలుస్తుంది. కోఠి సుల్తాన్ బజార్‌కి మళ్ళీ వెళ్ళి అడిగినా పోయినేడాది లాట్ దొరుకుతుందన్న హామీ లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, ఎవరి కోసం మొదలుపెట్టామో ఆ పిల్ల ఎదగడం ఒక ఎత్తు. రెండేళ్ళు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతారు. నిరుటి కొలతకు మొదలైన స్వెటర్ ఈ ఏడు పూర్తయ్యేసరికి చెల్లెలికి పనికొస్తుంది. కొలత పక్కన తేదీ రాసి ఉంటే, అటక మీంచి దించిన రోజే ఎంత పొడుగు పెంచాలో తేల్చుకోవచ్చు. రాసి లేకపోతే ఆ సంగతి మెడ దూర్చినప్పుడు తెలుస్తుంది.

సూదుల నంబర్ల గొడవ విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీనివల్ల చెడిపోయే పని చాలా ఉంది. మన దుకాణాల్లో దొరికే సూదుల మీద చాలాకాలంగా పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి. ఆ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. అమెరికా నంబర్లు దానికి తలకిందులు, పెరిగేకొద్దీ సూది లావవుతుంది. అక్కడ 8 నంబరు అంటే 5 మిల్లీమీటర్లు, 10 అంటే 6. ఈ ప్రాంతంలో ఏ అపార్ట్‌మెంటు చూసినా అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు కనబడతాయి. కూతురి పురుటికి వెళ్ళే అమ్మమ్మలు అక్కడి పుస్తకాల్లోని డిజైన్ తెచ్చి ఇక్కడి సూదులతో అల్లడం, ఇక్కడ నేర్చుకున్నది అక్కడి సూదులతో అల్లడం మామూలే. 8 అని రాసుకుంటే చాలదు, 4 మి.మీ. అని రాసుకోవాలి. ఒక్క మిల్లీమీటరు తేడాకు స్వెటర్ సైజే మారిపోతుంది.

ఎంత మారుతుందో చూపించడానికి లెక్క అవసరం. ఛాతీ 58 సెంటీమీటర్లు ఉన్న నాలుగైదేళ్ళ పిల్లకు 6 సెంటీమీటర్ల వదులు కలిపి 64 సెంటీమీటర్ల చుట్టుకొలత స్వెటర్ అనుకుందాం. మన అల్లిక 10 సెంటీమీటర్ల వెడల్పుకు 22 కుట్లు పడితే మొత్తం 140 కుట్లు ఎక్కించాలి. అదే 140 కుట్లు కాస్త వదులు చేత్తో, 10 సెంటీమీటర్లకు 20 కుట్లుగా పడ్డాయంటే చుట్టుకొలత 70 సెంటీమీటర్లు అవుతుంది. కంటికి ఆనని రెండు కుట్ల తేడాకు ఒంటి మీద 6 సెంటీమీటర్లు ఎక్కువ. పైగా చేతి బిగువు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. రోజూ అల్లే నెలలో ఒకలా, విరామం తర్వాత మొదటి వారంలో ఒకలా ఉంటుంది. అందుకే మొదలుపెట్టే ముందు అరచేయంత నమూనా ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి, కొలిచి, ఆ అంకె పుస్తకంలో వేసుకోవాలి. ఏడాది తర్వాత మళ్ళీ పని అందుకునేటప్పుడు ఇంకో చిన్న ముక్క అల్లి పాత అంకెతో పోల్చుకోవాలి. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడి, 1971లో ‘నిటింగ్ వితౌట్ టియర్స్’ రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ఈ ఒక్క అంకె మీదే ఒక పద్ధతి నిలబెట్టింది. ఛాతీ చుట్టూ పడే కుట్లు నూరు శాతం అనుకుంటే మణికట్టు దగ్గర 20 శాతం, చెయ్యి పైభాగం 33 శాతం, మెడ 40 శాతం. మన 140 కుట్ల స్వెటర్‌కు మణికట్టు 28, చెయ్యి పైన 46, మెడ 56. నమూనా ముక్క అంకె, ఛాతీ కొలత పుస్తకంలో ఉంటే డిజైన్ కాగితం పోయినా పని ఆగదు.

ఆ ముక్కతో ఇంకో పని కూడా తీరుతుంది. పది సెంటీమీటర్ల చదరం ముక్కను వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే నాలుగు గ్రాములు తూగిందనుకోండి. 64 సెంటీమీటర్ల చుట్టుకొలత, 36 పొడవు ఉన్న ఒళ్ళు, కాస్త ఎక్కువగానే 22 వెడల్పు అనుకుని, 26 పొడవు ఉన్న రెండు చేతులు, అన్నీ కలిపితే అలాంటి చదరాలు ముప్పైనాలుగున్నర వస్తాయి. అంటే దాదాపు 138 గ్రాముల ఊలు. అంచులకు, మెడపట్టీకి, వృథాకు కొంత కలుపుకుని 50 గ్రాముల ఉండలు నాలుగు ఒకే లాట్‌లో ఒకేసారి కొనేస్తే సరి. ఊలు చాలక మళ్ళీ బజారుకు పరుగెత్తడమూ, మిగిలిన ఉండలు బుట్టలో ఏళ్ళ తరబడి పేరుకోవడమూ రెండూ ఈ లెక్క వేసుకోకపోవడం వల్లే జరుగుతాయి.

పుస్తకం రాసుకోవాలన్న మాటకు వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనది. మన అమ్మమ్మలు ఏ పుస్తకం రాసుకుని అల్లారు? నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళు ఏ కాగితం చూసి అల్లుతున్నారు? నిజమే. పశ్చిమ గోదావరిలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ కొక్కెం సూది పని ఇప్పటికీ చేతి నుంచి చేతికే అందుతోంది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చదువు లేకపోయినా కళ్ళతో చూసి పట్టేసే నేర్పు అది, దాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. కానీ అక్కడ జ్ఞాపకం ఎందుకు నిలుస్తుందో కూడా చూడాలి. ఏడాది పొడవునా అదే పని, చాలామందికి అదే పువ్వు, అదే అంచు. ఒకరు ముక్కలు అల్లితే ఇంకొకరు అతుకుతారు. బల్లగుడ్డ మొత్తం ఎలా ఉంటుందో, ఎన్ని పువ్వులు పడతాయో ఆ లెక్క పని పంచే వ్యాపారి దగ్గర, అతని నమూనా దగ్గర ఉంటుంది. అంటే రాత లేక పని సాగడం కాదు, లెక్క అల్లేవాళ్ళ దగ్గర కాక వేరే చోట ఉంది. యూరప్‌లోనూ అల్లిక చాలాకాలం పక్కన కూర్చుని నేర్చుకున్నదే. 1840లో ఎడిన్‌బరోలో జేన్ గోగెన్ కుట్లకు గుర్తులు పెట్టి పుస్తకం అచ్చు వేసిన కాలం నుంచి, పక్కన నేర్పేవాళ్ళు లేని ఆడవాళ్ళు కూడా సొంతంగా మొదటి నుంచి చివరి దాకా ఒక వస్త్రం అల్లగలిగారు. సైదాబాద్ ఫ్లాట్‌లో ఒక్కత్తే కూర్చుని అల్లుకునే మనిషికి పక్కన అమ్మమ్మా లేదు, నమూనా తెచ్చే ఏజెంటూ లేడు. రెండూ ఆమె పుస్తకమే కావాలి.

నరసాపురం నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది, నాకు అదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు పనివాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం వెలువరించింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతుంటే, దాన్ని అల్లే ఆడవాళ్ళను మాత్రం గృహిణులుగా, ఆ పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టారనీ, ఆ పేరు మీదే కూలి అట్టడుగున ఉండిపోయిందనీ ఆమె చూపించింది. కాలక్షేపం అన్న మాట చెల్లడానికి కారణం గంటల లెక్క ఎవరూ రాయకపోవడం. మన 64 సెంటీమీటర్ల స్వెటర్‌నే తీసుకోండి. సెంటీమీటరుకు మూడు వరసల చొప్పున ఒళ్ళు 108 వరసలు, అంటే 15 వేల పైచిలుకు కుట్లు, చేతులు రెండూ కలిపి అదే కొలతతో ఏడున్నర వేలు. నిమిషానికి 20 కుట్లు పడినా దాదాపు 19 గంటలు పడుతుంది. అతుకు, మెడపట్టీ, బొత్తాల పట్టీ ఇందులో లేవు. ఇరుగుపొరుగు వచ్చి ‘ఊలు డబ్బులు ఇస్తాను, మా పాపకూ ఒకటి అల్లి పెట్టండి’ అనడం ఎక్కడైనా ఉన్నదే. ప్రేమతో ఇస్తే ఇవ్వచ్చు, అది వేరే సంగతి. అమ్మదలచినవాళ్ళకు మాత్రం పుస్తకంలో కూర్చున్న ప్రతిసారీ రాసిన ‘గంటన్నర, 14 వరసలు’ అనే చిన్న పద్దే ధర చెప్పడానికి ఆధారం. ఆ పద్దు లేకపోతే ఇంట్లోవాళ్ళతో పాటు అల్లినవాళ్ళు కూడా అది పని కాదనుకుంటారు.

ఫోను ఉండగా నోటుపుస్తకం ఎందుకన్నది ఇంకో ఆక్షేపణ. ఫోటోలకు ఫోనే మేలు, కాదనను. 2007లో మొదలైన రావెల్రీ వంటి వెబ్‌సైట్లలో లక్షల మంది తమ అల్లికల వివరాలు పెట్టుకుంటున్నారు. అయితే ఫోనులో ఊలు ముక్క అతికించలేం. రంగు ఫోటోలో ఒకలా, కంటికి ఒకలా ఉంటుంది, పట్టుకుంటేనే అది నిజమైన ఊలో అక్రిలిక్కో తెలుస్తుంది. ఫోను మారితే పాత ఫోటోలు ఎక్కడున్నాయో వెతకాలి, వెతికినా అందులో కుట్ల సంఖ్య ఉండదు. చేతిలో రెండు సూదులు ఉన్నప్పుడు ఆరిపోయే తెరకంటే పక్కన తెరిచి ఉన్న పేజీ మీద ఒక గీత కొట్టడం తేలిక. రాయడం వల్ల అల్లికలో ఉన్న హాయి పోతుందనేవాళ్ళకు నా జవాబు చిన్నది. హాయిని నిజంగా పోగొట్టేది ఇరవై వరసలు విప్పాల్సి రావడం. కానీ రంగు పెన్నులు, స్టిక్కర్లు, తీగలూ పువ్వులూ వేసి పుస్తకాన్నే ఒక ప్రదర్శన చేసే పద్ధతి ఈమధ్య వచ్చింది. అది వేరే కళ. అల్లికకు దానితో పని లేదు, ఖాళీ పేజీని పాడుచేస్తామేమో అన్న భయం ఒకటి అదనంగా చేరుతుంది.

పిల్లల లెక్కల గళ్ళ పుస్తకం ఒకటి చాలు. ఒక స్వెటర్‌కు ఎదురెదురు పేజీలు రెండు. ఎడమ పేజీ పైన ఎవరికో పేరు, తేదీ, ఛాతీ, చెయ్యి పొడవు, మెడ. దాని కింద ఊలు కాగితం చింపి అతికించాలి, లాట్ నంబరు కనబడేలా. పక్కనే చిన్న రంధ్రం చేసి జానెడు ఊలు దూర్చి ముడి వేయాలి. సూది మిల్లీమీటర్లలో. నమూనా ముక్క అంకెలు తడపక ముందు, తడిపిన తర్వాత, రెండూ. కుడి పేజీలో వరసల గీతలు, అయిదేసి కట్టలుగా, ఎక్కడ తగ్గించామో అక్కడ చుట్టు. ఆపిన రోజు తప్పకుండా ఒక వాక్యం: ‘ఎడమ చెయ్యి, 41వ వరస అయింది, తర్వాత ఉల్టా వరస’. నన్నడిగితే పుస్తకం మొత్తంలో ఆ వాక్యం ఒక్కటే మిగిలినా ఫరవాలేదు. గళ్ళ మీద బొమ్మ వేసుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. కుట్టు చదరం కాదు, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. గళ్ళలో గుండ్రంగా గీసిన సూర్యుడు స్వెటర్ మీద నొక్కినట్టు వెడల్పుగా వస్తాడు, కాబట్టి గీసేటప్పుడే కొంచెం నిలువుగా సాగదీయాలి. పూర్తయ్యాక కింద నాలుగు వరసల ఖాళీ ఉంచుకోవాలి. ఉతికాక సాగిందా, మోచేతి దగ్గర ఉండలు కట్టిందా, పిల్ల ఇష్టంగా వేసుకుందా, గుచ్చుతోందని పక్కన పడేసిందా అన్నది మరుసటి ఏడు అక్కడ చేర్చడానికి.

మన కాలానికి తగ్గ వేళలు కూడా పుస్తకం లోపలి అట్ట మీద రాసుకోవచ్చు. వినాయక చవితి వెళ్ళగానే అటక మీది పని దించి కొలతలు మళ్ళీ తీయాలి. దసరాలోపు నమూనా ముక్క, ఊలు కొనుగోలు అయిపోవాలి. పండగల హడావుడి తగ్గి కార్తీకం మొదలయ్యేసరికి ఒళ్ళు భాగం సూది మీద ఉంటే, రోజుకు గంట చొప్పున డిసెంబరు మొదటి వారానికి పిల్ల ఒంటి మీదికి వస్తుంది. సంక్రాంతికి మొదలుపెట్టినది ఈ ఏడాదికి రాదు. దాన్ని మొదటే వచ్చే ఏటి కొలతకు, ఛాతీ రెండు సెంటీమీటర్లు, చెయ్యి మూడు సెంటీమీటర్లు పెంచి ఎక్కించడం మంచిది.